మా తమ్ముడు తిరిగి చూసిన రోజు

పరామర్శకి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి అనాలి కాబట్టి అంటారు, ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా మా తమ్ముడు నూకరాజు పోయిన పదకొండో రోజున వీధి చివరింటావిడ నా పక్కన చతికిలబడి, కాఫీ గ్లాసు కింద పెట్టి, "అదృష్టవంతుడమ్మా, డెబ్బై ఏళ్ళ బతుకులో ఒక్క సెడ్డ మాట సెవిన పడకండా ఎల్లిపోనాడు" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. "మంచి మాట కూడా పడలేదు కదమ్మా" అన్నాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళిపోయింది. ఆవిడ అటు వెళ్ళగానే మా కోడలు నన్ను కోప్పడింది. ఎనభై దగ్గర పడుతున్న మనిషి నోరు అదుపులో పెట్టుకోవద్దా అని దాని బాధ. తెరవకూడని చోట తెరవడం, తెరవాల్సిన చోట మూసుకోవడం నా నోటికి చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. ఆ రోగం వల్ల మా తమ్ముడి బతుకు ఏమైందో ఇంతవరకు ఒక్క మనిషికే చెప్పాను. ఆ మనిషికి కూడా చెప్పకుండా ఉండాల్సింది.

మాది నర్సీపట్నం. మా నాన్న బోర్డు స్కూల్లో మేష్టరు. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్న తల్లి అయిన మా మామ్మ, నేను, తమ్ముడు. పొద్దున్నే నేను కళ్ళు నులుముకుంటూ వచ్చేసరికి మామ్మ అరుగు మీద గొంతుక్కూర్చుని, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ ఉండేది. నాన్నతో పనిచేసే మేష్టర్లు ఎవరైనా వీధి మలుపులో కనిపిస్తే చటుక్కున పెరట్లోకి మాయమయ్యేది గానీ పొగ వాసన ఎక్కడికి పోతుంది! అమ్మ కుండలో చోడి అంబలి కాచేది. చెరుకు గానుగలాడే రోజుల్లో అంబలి వాసన, చుట్ట వాసన, ఊరి బయట కాగే బెల్లం పాకం వాసన కలిసి మా వాకిట్లో ఒకటే వాసనగా నిలబడేవి. నాన్న ఆ వాసనల మధ్య కూర్చుని గట్టిగా పద్యాలు చదువుకునేవాడు. స్కూల్లో పాఠం తలకెక్కని పిల్లల్ని "చెవిటివాడి ముందు శంఖమూదినట్టుందిరా మీకు చెప్పడం" అని తిట్టడం ఆయనకి అలవాటు. ఒక ఏడాది నుంచి ఆ సామెత నాన్న నోట వినపడటం మానేసిందని స్కూలు పిల్లలే నాకు చెప్పారు. వాళ్ళకి కారణం తెలియదు.

నాకూ తమ్ముడికీ మధ్య ఇద్దరు పుట్టి పోయారు. అందుకే వీడు కడుపులో ఉండగానే అమ్మ నూకాలమ్మకి మొక్కుకుంది, పుట్టగానే ఆ తల్లి పేరే పెట్టింది. నెలల పిల్లాడప్పుడు వాడంత బుద్ధిమంతుడు లేడని ఊరంతా మెచ్చుకున్నారు. మామ్మ వాడి పక్కనే రోట్లో ఎండుమిరపకాయలు దంచినా నిద్ర చెదిరేది కాదు. అమ్మవారి ఊరేగింపులో డప్పులు మా గుమ్మం ముందుకొచ్చి మోగుతుంటే నేను చెవులు మూసుకున్నాను, వాడు మాత్రం డప్పు కొట్టేవాళ్ళ తలపాగాలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు అమ్మ మొహం నేను చూశాను. ఆ తరవాత వాడు ఆడుకుంటూ ఉంటే అమ్మ వెనక నించి వచ్చి ఇత్తడి చెంబు నేల మీద పడేసేది. వాడు కదిలేవాడు కాదు. చెయ్యి జారిందన్నట్టు అమ్మ చెంబు తీసుకుని వెళ్ళిపోయి, కాసేపటికి ఇంకో గిన్నెతో వచ్చేది. ఆ ఏడాది మా ఇంట్లో సొట్టలేని గిన్నె లేదు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. మామ్మ ఒక్కతే ధైర్యంగా ఉండేది. "మన ఇంటి మగోళ్ళకి మాట నిదానమే. మీ మాఁవకి నాలుగేళ్ళకొచ్చింది, వొచ్చాక ఆపిందెవులు?" అని మా తాత సంగతి అమ్మకి చెప్పేది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మా మామ్మ.

తమ్ముడికి రెండున్నరేళ్ళు నిండాయి. నాకప్పుడు తొమ్మిది. ఒకరోజు నాన్న అన్నం తింటూ తింటూ, చెన్నపట్నంలో చెవిటి పిల్లలకి బడి ఉందట, చేతులతోనూ పెదాలతోనూ మాట నేర్పుతారట, చిన్నప్పుడే పంపితే అక్షరాలు కూడా వస్తాయట, ఉత్తరం రాస్తాను అన్నాడు. చెవిటి అన్న మాట మా ఇంట్లో పైకి వినపడటం అదే మొదలు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నా కొడుకు సెవిటోడని కాయితం మీద రాత్తారేటండీ?" అంది. నాన్న తల దించుకునే, "ఏదైనా ఒక్క చప్పుడుకి వాడు తిరిగితే రాయను. ఒక్కసారి చాలు. నీ మీద ఒట్టు" అన్నాడు. అమ్మ ఆ మాటని పట్టుకుంది. ఒక్కసారి, ఒక్క చప్పుడు. ఆ రోజు నుంచి అమ్మకి తిండి సయించలేదు. మా అందరికీ వడ్డించి తనకి ఆకలి లేదనేది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతుండేవి.

లంక సంగతి చెప్పింది మాకవరపాలెంలో ఉండే మా మావయ్య, అమ్మ అన్నగారు. మా ఊరి పక్కన బలిఘట్టం దగ్గర పారే వరాహ నదే కిందికి పోయి ఏటికొప్పాక చేరుతుంది. అక్కడ లక్క బొమ్మలు చేసేవాళ్ళున్నారని అందరికీ తెలుసు. ఊరికి కాస్త ఎగువన ఏరు రెండు పాయలుగా చీలి, మధ్య చిన్న లంక ఉండేది. దాని మీద ఏడో ఎనిమిదో బొమ్మలు చేసే ఇళ్ళు. వాళ్ళలో పైడయ్య అనే ముసలాయన గిలకలకి, అదే పసిపిల్లల గిలక్కాయలకి, పేరుపడ్డాడు. ఆయన దగ్గర గిలక అడిగిన వెంటనే దొరకదు. బిడ్డని తీసుకుపోవాలి. ఒక్కో గిలకా బిడ్డ వెనక ఆడించి చూస్తాడు, దేనికి బిడ్డ తల తిప్పితే అదే ఆ బిడ్డది. గిలకని బిడ్డే ఎంచుకోవాలని ఆయన పట్టు. "ఆయన గిలక్కి తిరగని పిల్ల లేదంతన్నారే. పైగా ఆ లంకలో సీమ సిటుక్కుమన్నా ఇనపడతాది" అన్నాడు మావయ్య. ఆ నిశ్శబ్దం మాట విన్నాక అమ్మ ఇంక ఆగలేదు. మా ఊళ్ళో ఏదో ఒక రొద ఉంటుంది కాబట్టి వాడికి తెలియడం లేదేమో, అక్కడైతే తెలుస్తుందేమో అనుకుంది. మునిగిపోయేవాళ్ళకి గడ్డిపోచ కూడా ఆసరాయే కదా.

మావయ్య బండి మీద వెళ్ళాం. నాన్న స్కూలు మానలేనని ఉండిపోయాడు గానీ, చూడలేక ఉండిపోయాడని నాకిప్పుడు తెలుసు. ఒడ్డున మావయ్య ఎద్దుల్ని విప్పి కూర్చుంటే, మమ్మల్ని తాటి దోనెలో అవతలికి దాటించారు. అంత అందమైన చోటు నేను అంతవరకు చూడలేదు, చెప్పొద్దూ, ఆ తరవాతా చూడలేదు. చుట్టూ నీళ్ళు, నీళ్ళ అంచున మొగలి పొదలు, వాటి లోపల తాటాకు ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ ఎండబెట్టిన అంకుడు కర్ర కట్టలు. కాలిన లక్క వాసన గాలిలో తియ్యగా, కాస్త చేదుగా ఉంది. చాపల మీద కుంకుమ భరిణెలు, లక్కపిడతలు, బొంగరాలు పసుపు రంగూ ఎరుపు రంగూ పూసుకుని ఆరుతున్నాయి. నాకు లక్కపిడతల మీద ప్రాణం కొట్టుకుంది కానీ అడగలేదు. నిజంగానే అక్కడ ఏ చప్పుడూ లేదు. నీళ్ళలో కొంగ కాలు పెడితే వినపడింది. అమ్మ తమ్ముణ్ణి చంకలో బిగించి పట్టుకుని, ఆ నిశ్శబ్దాన్ని చూసి దణ్ణం పెట్టుకుంది.

పైడయ్య తాత తన పాకలో ఉన్నాడు. వాళ్ళు బొమ్మలు చేసే పద్ధతి నేను మొదటిసారి చూడటం. నేలలో పాతిన రెండు గుంజల మధ్య కర్ర ముక్కని బిగిస్తారు. ఆ కర్రకి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే అది గిర్రున తిరుగుతుంది. రెండో మనిషి ఉలి ఆనించి చెక్కుతాడు, తరవాత లక్క కడ్డీ ఆనిస్తాడు. తిరిగే వేడికి లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది, దాని మీద మొగలాకు పెట్టి రుద్దితే మెరుపొస్తుంది. తాత భార్య ఎర్రమ్మ తాడు లాగుతోంది, కొడుకు లక్క పెడుతున్నాడు. అమ్మ వాళ్ళని చేతులు జోడించి ఆపమంది. పని ఆగిపోయింది. తమ్ముణ్ణి చాప మీద కూర్చోబెట్టి, చేతికి ఒక బొంగరం ఇచ్చారు. తాత వాడి వెనక మోకాళ్ళ మీద కూర్చుని మొదటి గిలక ఆడించాడు. అది ఇసక గిలక, వాన మొదలైనట్టు సన్నగా మోగింది. వాడు తిరగలేదు. గురివింద గింజలది ఆడించాడు. చింతపిక్కలది, గులకరాళ్ళది, ఇనప ముక్కలది. కుడి చెవి దగ్గర, ఎడం చెవి దగ్గర, ముందు మెల్లగా, తరవాత గట్టిగా. పదకొండు గిలకలు. పదకొండోదానికి పక్క పాకల్లోంచి మనుషులు కూడా బయటికొచ్చి చూశారు. నా తమ్ముడు బొంగరం మీద ఎర్ర గీతని గోటితో గీకుతూ కూర్చున్నాడు. అన్ని చప్పుళ్ళూ నా చెవిలోనే పడ్డాయి. వాటిలో ఒక్కటి తీసి వాడికి ఇవ్వగలిగితే బాగుండునని ఏడుపొచ్చింది.

"తాతా, ఇంకోటుందేమో సూడు" అంది అమ్మ.

"ఇంక లేవు తల్లీ."

"ఒకటి సేసి పెట్టు. నాను ఇక్కడే కూకుంతాను. ఎన్ని రోజులైనా కూకుంతాను. గట్టిగా మోగేదొకటి సెయ్యి."

తాత గిలకలన్నీ ఒక్కొక్కటే బుట్టలో సర్దుకున్నాడు. "గిలకలో ఏటీ లేదమ్మా" అన్నాడు చివరికి. ఆ మాట అమ్మకి అర్థమైంది. నేల మీద అలాగే ఒరిగిపోయింది. ఎర్రమ్మ పరిగెత్తుకొచ్చి అమ్మ తలని ఒళ్ళో పెట్టుకుని, "ఏడవకో అమ్మా, ఏడవకో" అంటూ నీళ్ళు తాగించింది. తరవాత కొడుకు లక్క చల్లారిపోతోందని పిలిస్తే వెళ్ళి మళ్ళీ తాడు పట్టుకుంది. వాళ్ళ పని వాళ్ళది.

తాడు ఆడటం మొదలు కాగానే తమ్ముడు లేచాడు. తిరిగే కర్రని చూసి తడబడుతూ అటు నడిచాడు. ఉలి తగులుతుందేమోనని నేను వెనకే పరిగెత్తాను. వాడు గుంజ దగ్గర ఆగి రెండు అరచేతులూ దానికి ఆనించాడు. ఆనించి, పకపకా నవ్వాడు. వాడు అలా గొంతెత్తి నవ్వడం మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఏమిటా అని నేనూ గుంజ మీద చెయ్యి పెట్టాను. గుంజ లోపల జివ్వుమంటోంది, అరచేతి నుంచి మోచేతి దాకా పాకుతోంది. ఆ నవ్వు విని అమ్మ లేచింది. జుట్టు విడిపోయి ఉంది, పైట నేల మీద ఈడుస్తోంది. బుట్టలోంచి చేతికందిన గిలక తీసుకుని వాడి వెనక నిలబడి పిచ్చిదానిలా ఆడించింది. "నూకరాజూ! ఒరే నూకరాజూ! ఇటు సూడరా! ఒక్కపాలి సూడరా నాయనా!" అమ్మని ఆ స్థితిలో చూసి ఎర్రమ్మ భయపడి తాడు వదిలేసింది. నా అరచేతి కింద గుంజ ఆగిపోయింది. ఆగిన మరుక్షణం తమ్ముడు, ఎందుకాగిందని కాబోలు, తల తిప్పి వెనక్కి చూశాడు. ఎదురుగా అమ్మ, అమ్మ చేతిలో గిలక.

"తిరిగీసినాడు!" అని అమ్మ పెట్టిన కేక ఏటి అవతల మావయ్యకి వినిపించిందట. వాణ్ణి ఎత్తుకుని గిరగిరా తిరిగింది, ఏడ్చింది, నవ్వింది, ఎర్రమ్మ కాళ్ళ మీద పడబోయింది. ఎర్రమ్మ తన చేతుల్లో వదులుగా వేలాడుతున్న తాడుకేసి చూసుకుని, మొగుడికేసి చూసింది. తాత నాకేసి చూశాడు. నా చెయ్యింకా గుంజ మీదే ఉంది. "సత్తీ, నువ్వు సూసేవు కదే? తిరిగేడు కదే?" అని అమ్మ అడిగింది. ఊఁ అన్నాను. ఆ గిలక తమ్ముడిదే కదా తాతా అని అమ్మ ఆయన్ని అడిగింది. "అట్టుకెల్లు తల్లీ" అన్నాడు. కానీ దోనె ఎక్కేటప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నట్టుగా వంగి, "మీ నాయన సదువుకున్నోడు. ఆయనడిగితే నువ్వు సేత్తో సూసింది సెప్పు పాపా" అన్నాడు. సరేనన్నాను. దోనె కదిలాక అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, మూటలోని అటుకులు తీసి గుప్పెళ్ళతో తినేసింది. అమ్మ ఆకలిగా తినడం నేను చూసి ఎన్ని నెలలైందో.

ఇంటికొచ్చాక తమ్ముడు గిలక్కి తిరగలేదు. మారాం చేస్తున్నాడంది అమ్మ. దిష్టి తగిలిందంది మామ్మ. నాన్న రాసి పెట్టుకున్న ఉత్తరం బల్ల మీద పుస్తకం కింద ఉంది. సాయంత్రం నన్ను నూతి దగ్గరికి పిలిచి, నా భుజాల మీద చేతులు వేసి, "సత్తీ, మీ అమ్మ సంతోషంలో ఏమందో నాకు నమ్మకం లేదు. నువ్వు చెప్పు. వాడు తిరిగాడా?" అని అడిగాడు. వంటింటి తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. కడగడం మానేసి, చేతిలో కంచంతో నిలబడి ఉంది. గుంజ సంగతి చెబితే ఉత్తరం వెళుతుంది. ఉత్తరం వెళితే తమ్ముడు చెన్నపట్నం వెళ్ళిపోతాడు, అమ్మ మళ్ళీ తినడం మానేస్తుంది. అమ్మ చచ్చిపోతుందని నాకు గట్టిగా అనిపించింది.

"తిరిగేడు నాన్నా" అన్నాను.

తిరిగాడన్నది అబద్ధం కాదు. ఆ సంగతి తలుచుకుని చాలా ఏళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను. నాన్న ఎంత చదువుకున్నవాడైనా తండ్రే కదా, నమ్మాడు. నాకు నమ్మాలని ఉందే అన్నట్టు నా తల నిమిరాడు. ఉత్తరం పెట్టెలోకి పోయింది. మరుసటి వానల్లో, ఆ పై వానల్లో కూడా తమ్ముడికి మాట రాకపోయేసరికి నాన్న మళ్ళీ ఆ ఉత్తరం తీద్దామనుకున్నాడో ఏమో తెలియదు. మన్యం జ్వరం ఆయన్ని తొమ్మిది రోజుల్లో తీసుకుపోయింది. మాలో చెన్నపట్నం ఎటుందో తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

తమ్ముడు ఒక్క అక్షరం రాకుండా పెరిగాడు. నీళ్ళు మోశాడు, కట్టెలు కొట్టాడు, నా పిల్లల్ని ఎత్తుకుని తిప్పాడు. నాకూ వాడికీ మధ్య ఓ పాతిక సైగలుండేవి: ఆకలి, ఎండ, అమ్మ, కోపం, వచ్చేయ్. ఆ పాతికతోనే డెబ్బై ఏళ్ళు గడిపేశాడు. వాడి లోపల అంతకుమించి ఎంత ఉండేదో నాకు తెలుసు, ఎందుకంటే నేను ఎవరితోనైనా మాట్లాడుతుంటే వచ్చి నా గొంతు మీద అరచెయ్యి పెట్టి నిలబడేవాడు. ఏం చెబుతున్నావని మొహంతో అడిగేవాడు. చెప్పడానికి నా దగ్గర సైగ ఉండేది కాదు. ఇప్పుడు మా పక్కింట్లో నాలుగేళ్ళ పిల్లకి అదే లోపం. ఆరు నెలలకే డాక్టరు కనిపెట్టాడు, చెవికి మిషన్ పెట్టారు, విశాఖపట్నం బడికి వెళుతోంది. నన్ను చూస్తే "బామ్మా" అంటుంది, కాస్త ముక్కుతో. ఆ పిల్ల పిలిచినప్పుడల్లా నేను లోపలికి వెళ్ళి కూర్చుంటాను. లంక కూడా లేదిప్పుడు. ఒక పాయ పూడిపోయి లంక ఒడ్డుతో కలిసిపోయింది, తాడు లాగేవాళ్ళ బదులు కరెంటు మోటారు తిప్పుతోందట.

నేను చెప్పిన ఆ ఒక్క మనిషి అమ్మే. చెప్పింది, అమ్మ మంచాన పడ్డ ఏడాది. నాకప్పటికే యాభై దాటాయి. ఆ మధ్యాహ్నం అమ్మ ఎప్పట్లాగే మంచం మీంచి "నూకరాజూ, అన్నానికి రారా" అని కేకేసింది. నేను పెరట్లోకి వెళ్ళి వాడి భుజం తట్టి తీసుకొచ్చాను. వాడు గుమ్మంలోకి రాగానే అమ్మ, "సూసేవా, నా పిలుపు ఆడికి అప్పుడప్పుడు తెలుస్తాదే. లంకలో తిరగలేదూ" అంది. ఏ దయ్యం పట్టిందో, నిజం చెప్పేస్తే నా బరువు దిగుతుందనుకున్నానో, ఎర్రమ్మ తాడు వదిలేసిందనీ, గుంజ ఆగిందనీ, నా చెయ్యి దాని మీదే ఉందనీ, నాన్నకి ఎందుకలా చెప్పానో కూడా మొత్తం చెప్పేశాను. అమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తమ్ముడు అన్నం కలుపుకుంటుంటే వాడికేసి చాలాసేపు చూసింది.

"ఏటికి సెప్పేవే ఇప్పుడు" అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు అన్నం వేళకి కంచం పెట్టి నేను ఎదురు చూశాను. అమ్మ నోరు తెరిచింది, నన్ను చూసి మూసుకుంది. "ఎల్లి ఆణ్ణి తీసుకురా" అంది. ఆ తరవాత ఎనిమిది నెలలు బతికింది మా అమ్మ. ఒక్కసారి కూడా వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు.